రబ్బరు స్టాంపు బొమ్మలకు రంగులు దిద్దడం: ఇంట్లో చేసుకునే గ్రీటింగ్ కార్డుల కోసం

రబ్బరు స్టాంపుతో ఒత్తిన బొమ్మకు రంగు వేయడం, పిల్లల రంగుల పుస్తకం నింపినంత తేలికగా కనిపిస్తుంది. గీతలు ముందే ఉన్నాయి కాబట్టి లోపల రంగు నింపితే చాలుననుకుంటాం. అయితే పుస్తకంలోని గీతలు అచ్చు యంత్రం మీద పడినవి, తడికి కదలవు. కార్డు మీది గీతలు మనం అప్పుడే ఒత్తినవి. ఆ సిరా స్వభావాన్ని బట్టి, పైన వేసే రంగు వాటిని చెక్కుచెదరకుండా ఉంచవచ్చు, లేదా కరిగించి బొమ్మంతా మసకబార్చవచ్చు. పాడైన కార్డులను పరిశీలిస్తే, చేతి నైపుణ్యం లేక చెడినవాటి కంటే గీత సిరా, కాగితం, రంగు ఒకదానితో ఒకటి పొసగక చెడినవే ఎక్కువగా కనిపిస్తాయి. అందుచేత ముందుగా ఏ రంగులతో దిద్దాలో నిర్ణయించుకోవాలి, ఆ రంగుకు తగిన సిరాను, ఆ రెండింటికీ తగిన కాగితాన్ని ఎంచుకోవాలి. చాలామంది చేతికందిన ఇంక్ ప్యాడ్ మీద స్టాంపు ఒత్తేసి, తర్వాత రంగు సంగతి ఆలోచిస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రంగును బట్టి సిరా

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: పైన వేసే రంగులో ఏ ద్రవం ఉందో, ఆ ద్రవంలో గీత సిరా కరగకూడదు. నీటి రంగులు వేయదలచినప్పుడు నీటికి కరగని సిరా కావాలి, ఆల్కహాల్ మార్కర్లు వాడదలచినప్పుడు ఆల్కహాలుకు కరగని సిరా కావాలి. రంగు పెన్సిళ్లను పొడిగా వాడేటప్పుడు ద్రవమే లేదు కాబట్టి, పూర్తిగా ఆరిన ఏ సిరా అయినా పనికొస్తుంది.

డై సిరాలు పలుచగా ఉంటాయి, కాగితంలోకి ఇంకి త్వరగా ఆరుతాయి. వీటిలో చాలావరకు నీరు తగిలితే కరుగుతాయి. మెమెంటో అనే పేరుతో దొరికే డై సిరాను ఆల్కహాల్ మార్కర్ల కింద వాడటం కార్డులు చేసేవారిలో బాగా స్థిరపడిన అలవాటు. అదే సిరా మీద తడి కుంచె నడిపితే మాత్రం గీత అంచులు మెల్లగా కరిగి రంగులోకి దిగుతాయి. పిగ్మెంట్ సిరాలు చిక్కగా ఉండి కాగితం పైభాగాన నిలుస్తాయి, ఆలస్యంగా ఆరుతాయి. మెరుపు పూత ఉన్న కాగితం మీద వేడి తగిలించకపోతే అవి చాలాసేపు తడిగానే ఉండిపోతాయి. వర్సాఫైన్ వంటి నూనె ఆధారిత పిగ్మెంట్ సిరా సన్నని గీతలను చక్కగా పట్టిస్తుంది, బాగా ఆరిన తర్వాత నీటిని తట్టుకుంటుంది, కాబట్టి నీటి రంగులకు అది మంచి జోడీ. ఆర్కైవల్ అనే పేరుతో వచ్చే సిరా కూడా, ఆరబెట్టి, వేడి గాలి వదిలే హీట్ గన్‌తో కాస్త వేడి చేసిన తర్వాత, నీటి రంగుల కింద నిలకడగా ఉంటుంది.

ఇక స్టేజాన్ వంటి సాల్వెంట్ సిరా (నీటికి బదులు త్వరగా ఆవిరయ్యే రసాయన ద్రావకంలో కలిపినది) గాజు, ప్లాస్టిక్, లోహం వంటి ఇంకని ఉపరితలాల కోసం తయారైనది. అది నీటికి కదలదు. "దేనికీ కదలదు" అనే నమ్మకంతో దాని మీద ఆల్కహాల్ మార్కర్ వాడితే మాత్రం నల్ల గీత కరిగి, లేత గులాబీ రేకు బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ నలుపు మార్కరు మొనలోకి కూడా ఎక్కి, తర్వాత వేసే బొమ్మలను సైతం మురికి చేస్తుంది. అట్టపెట్టె మీద "వాటర్‌ప్రూఫ్" అని ఉన్నంత మాత్రాన ఆ సిరా ఆల్కహాలుకు కూడా నిలుస్తుందని అనుకోకూడదు.

చేతిలో ఉన్న ప్యాడ్ ఏ రకమో తెలియనప్పుడు పరీక్ష సులభం. కార్డుకు వాడబోయే కాగితపు ముక్క మీదే స్టాంపు ఒత్తి, పది నిమిషాలు ఆరనిచ్చి, ఒక గీత మీదుగా తడి కుంచెను, మరొక గీత మీదుగా లేత రంగు మార్కరును రెండు మూడు సార్లు నడపాలి. ఏ గీత చెదరకుండా నిలిచిందో ఆ రంగు సాధనం ఆ సిరాకు సరిపోతుంది. ఈ పరీక్షను వేరే కాగితం మీద చేస్తే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఒకే సిరా ఒక కాగితం మీద స్థిరంగా నిలిచి, ఇంకొక కాగితం మీద కరగవచ్చు.

కాగితం

ఆల్కహాల్ మార్కర్లకు నునుపైన, దట్టమైన, పూత లేని దళసరి కాగితం కావాలి. కాగితం మరీ దాహంగా ఉంటే రంగు నలువైపులా పాకి గీత దాటుతుంది. మెరుపు పూత ఉంటే రంగు లోపలికి ఇంకక పైనే ఆరిపోయి, ఛాయలు ఒకదానిలో ఒకటి కలవవు. చదరపు మీటరుకు సుమారు 216 గ్రాముల బరువుండే నునుపైన తెల్ల కార్డుస్టాక్ ఈ పనికి విస్తృతంగా వాడుకలో ఉంది. అంత దళసరి కాగితంలోనూ ఈ మార్కరు రంగు వెనుకవైపుకు దిగుతుంది, కాబట్టి మడిచిన కార్డు మీద నేరుగా రంగు వేయకుండా, విడిగా ఒక ముక్క మీద వేసి తర్వాత అతికించడమే మేలు. వేసేటప్పుడు దాని కింద ఒక చిత్తు కాగితం ఉంచాలి.

నీటి రంగులకు చదరపు మీటరుకు 300 గ్రాముల వాటర్ కలర్ కాగితం అవసరం. ఇందులో కోల్డ్ ప్రెస్ రకానికి పైన గరుకుదనం ఉంటుంది. రంగు దాని మీద అందంగా వ్యాపిస్తుంది కానీ స్టాంపు గీత అక్కడక్కడా తెగిపోతుంది. హాట్ ప్రెస్ రకం నునుపుగా ఉండి గీతను శుభ్రంగా పట్టిస్తుంది, అయితే దాని మీద రంగు అంచులు త్వరగా గట్టిపడతాయి. సన్నని గీతలున్న స్టాంపుకు హాట్ ప్రెస్, పెద్ద రేకులున్న పూల స్టాంపుకు కోల్డ్ ప్రెస్ ఎంచుకోవడం నాకు సబబుగా తోస్తుంది. రంగు పెన్సిళ్లకు కొద్దిపాటి గరుకుదనం ఉన్న కాగితం మంచిది. మరీ నునుపైన కాగితం రెండు మూడు పొరల తర్వాత పెన్సిలును పట్టుకోదు. గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితం మీద తెల్ల పెన్సిలుతో వెలుగులు దిద్దితే బొమ్మకు వచ్చే నిండుదనం తెల్ల కాగితం మీద రాదు.

ముద్ర శుభ్రంగా పడాలంటే

కొత్త స్టాంపు మీద, ముఖ్యంగా పారదర్శకమైన పాలిమర్ స్టాంపు మీద, తయారీలో మిగిలిన పలుచని జిడ్డు పొర ఉంటుంది. సిరా దాని మీద చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. పెన్సిలు రబ్బరుతో పైపైన రుద్దితే ఆ పొర పోతుంది. పెద్ద స్టాంపును ప్యాడ్ మీద అద్దడం కంటే, స్టాంపును వెల్లకిలా పట్టుకొని ప్యాడుతోనే దాన్ని మెల్లగా తట్టితే సిరా సమంగా అంటుతుంది. కాగితం మీద నిటారుగా ఒత్తి, కదపకుండా, ఊపకుండా, నిటారుగానే ఎత్తాలి. ఊపితే అంచుల సిరా కూడా కాగితానికి అంటుకొని చుట్టూ అనవసరమైన గీతలు పడతాయి. స్టాంపును ఒకే చోట మళ్లీ మళ్లీ ఒత్తడానికి వీలు కల్పించే అమరిక పరికరం ఉంటే, గరుకు కాగితం మీద తెగిన గీతను రెండోసారి సిరా వేసి పూరించవచ్చు.

ఒకే కూర్చోవడంలో మూడు నాలుగు ముద్రలు వేసి పెట్టుకోవడం తెలివైన పని, ఎందుకంటే రంగుల జోడీలను ప్రయత్నించడానికి అదనపు బొమ్మలు కావాలి. కార్డు మీద శుభాకాంక్షల వాక్యం కూడా స్టాంపుతోనే వేయాలనుకుంటే, దాన్ని రంగు వేయకముందే ఒత్తాలి. గంటసేపు దిద్దిన బొమ్మ పక్కన చివరలో వాక్యం వంకరగా పడితే ఆ శ్రమంతా వృథా అవుతుంది. ఒక బొమ్మ వెనుక మరొకటి కనిపించాలంటే, ముందున్న బొమ్మను మొదట ఒత్తి, దాని ఆకారంలో కత్తిరించిన జిగురు చీటీని దాని మీద కప్పి, ఆ పైన వెనుక బొమ్మను ఒత్తాలి.

వెలుగు ఎటునుంచి వస్తోంది?

రంగు ముట్టకముందే ఈ ప్రశ్నకు సమాధానం తేల్చుకోవాలి. వెలుగు పై ఎడమ మూల నుంచి వస్తోందనుకుంటే, ప్రతి వస్తువుకూ కుడివైపు, కింది వైపు నీడ పడుతుంది. ఒక వస్తువు మరొకదాని కిందికి వెళ్లే చోట, మడతల్లో, మూలల్లో నీడ మరింత ముదురుగా ఉంటుంది. కొత్తవారు ప్రతి ఆకారానికీ చుట్టూ అంచు వెంబడి ముదురు రంగు వేసి మధ్యలో లేతగా వదిలేస్తారు. అప్పుడు ఆకైనా, పిట్టైనా, గిన్నైనా అన్నీ ఒకే తీరున ఉబ్బినట్లు కనిపిస్తాయి. వెలుగు దిశను ఒక చిన్న చీటీ మీద బాణం గుర్తుగా గీసి పక్కన పెట్టుకుంటే పని మధ్యలో దారి తప్పకుండా ఉంటుంది.

రంగుల ఎంపికలో పొదుపు పాటించడం మంచిది. ఒక కార్డుకు మూడు నాలుగు రంగులు, ఒక్కొక్క రంగులో లేత, మధ్యస్థ, ముదురు ఛాయలు ఉంటే సరిపోతుంది. కొమ్మ మీద వాలిన పిట్ట, పక్కన రెండు పూలు ఉన్న బొమ్మను తీసుకుందాం. పిట్ట రొమ్ముకు వేసిన నారింజ రంగునే పువ్వు నడిబొడ్డులో కొద్దిగా వేస్తే బొమ్మ ఒక్కటిగా అతుకుతుంది. నీడ కోసం నలుపు కలపడం వల్ల రంగు మురికిగా మారుతుంది. పసుపు నీడకు నారింజ లేదా మట్టి పసుపు, ఎరుపు నీడకు ముదురు ఊదా ఎరుపు, తెల్ల వస్తువు నీడకు చాలా లేత నీలి బూడిద రంగు వాడాలి. తెల్ల పిల్లి, తెల్ల పువ్వు వంటివాటికి రంగు వేయాలనే ఆరాటాన్ని అణచుకొని, నీడలు మాత్రమే దిద్ది మిగతాది కాగితాన్నే వదిలేయాలి.

ఆల్కహాల్ మార్కర్లతో

ఈ మార్కర్లలో రంగు ఆల్కహాలులో కరిగి ఉంటుంది. కాగితం మీద పడిన ఆల్కహాలు కొద్దిసేపటికే ఆవిరవుతుంది. అది తడిగా ఉన్న ఆ కొద్ది సమయంలోనే ఛాయలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అందువల్ల బొమ్మంతటికీ లేత రంగు వేసి, ఆ తర్వాత బొమ్మంతటికీ ముదురు రంగు వేద్దామనుకోకూడదు. ఒక రేకు, ఒక రెక్క, ఒక ఆకు చొప్పున, ఆ చిన్న భాగాన్ని పూర్తిచేసి తర్వాతి దానికి వెళ్లాలి.

వరుస ఇలా ఉంటుంది. ముందుగా లేత ఛాయను భాగమంతా తడిసేటట్లు వేయాలి. వెంటనే మధ్యస్థ ఛాయను నీడ వైపు నుంచి మొదలుపెట్టి, మొన చివరను వెలుగు వైపుకు విసిరినట్లు చిన్న చిన్న గీతలుగా లాగాలి. ముదురు ఛాయను అత్యంత చీకటి మూలలో మాత్రమే ఉంచాలి. ఇప్పుడు వెనక్కి రావాలి. మధ్యస్థ ఛాయతో ముదురు అంచును, లేత ఛాయతో మధ్యస్థ అంచును రుద్ది కలపాలి. ఈ వెనక్కి రావడమే ఛాయల మధ్య గీతలను చెరిపేది, కొత్తవారు వదిలేసేది కూడా ఎక్కువగా ఇదే. అయితే అదే చోట పదేపదే రుద్దితే కాగితం తట్టుకోగలిగినంత కంటే ఎక్కువ తడిసి, రంగు గీత దాటి బయటికి పాకుతుంది. గీత అంచుకు వెంట్రుకవాసి దూరంలోనే మొనను ఆపితే, మిగిలిన ఆ సందును రంగు తానే పాకి నింపుకుంటుంది. ఎరుపు, ముదురు నీలం వంటి గాఢమైన రంగుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఒకదానితో ఒకటి కలిసే ఛాయలను ఎంచుకోవడంలో మార్కరు మీది సంకేతాలు తోడ్పడతాయి. 1987లో జపానులో మొదలైన కోపిక్ మార్కర్ల పద్ధతిలో అక్షరం రంగు కుటుంబాన్ని, మొదటి అంకె ఆ రంగు ఎంత మెరుపుగా లేదా ఎంత మసకగా ఉందో ఆ వర్గాన్ని, చివరి అంకె లేత ముదురులను తెలుపుతాయి. బీ02, బీ05 రెండూ మెరిసే నీలపు వర్గానివి కాబట్టి ఇట్టే కలిసిపోతాయి. బీ93, బీ97 బూడిద పాలు ఎక్కువగా ఉన్న నీలాలు. బీ02 పక్కన బీ97ను నేరుగా కలపబోతే మధ్యలో మచ్చ మిగులుతుంది. మొదటి అంకె ఒకటే ఉండి, చివరి అంకెలో రెండు మూడు మెట్ల తేడా ఉన్నవాటిని తీసుకోవడం సురక్షితం. సంకేతాలు లేని మార్కర్లయితే, కార్డుకు వాడే కాగితం మీదే ప్రతి రంగునూ ఒక చిన్న గడిగా వేసి పట్టిక తయారు చేసుకోవాలి, ఎందుకంటే మూత మీది రంగుకూ కాగితం మీద ఆరిన రంగుకూ పోలిక ఉండదు.

రంగులేని బ్లెండర్ మార్కరు గురించి ఒక మాట చెప్పాలి. అది చెరిపే రబ్బరు కాదు. దానిలో ఉన్నది రంగు లేని ద్రవం మాత్రమే, అది కాగితంలోని రంగును పక్కకు నెడుతుంది. రంగు గీత దాటినప్పుడు, బయటి తెల్ల భాగం నుంచి గీత వైపుకు బ్లెండరుతో నెమ్మదిగా నెడితే చాలావరకు లోపలికి వెళుతుంది. పూర్తిగా పోకపోతే అక్కడొక ఆకునో, నేల మీది నీడనో దిద్ది కప్పేయడం ఉత్తమం. ఈ మార్కర్లు వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి. రెండు వైపులా మొనలున్న మార్కర్లను పడుకోబెట్టి దాచాలి, లేకపోతే సిరా ఒకే వైపుకు దిగిపోతుంది.

నీటి రంగులతో

కాగితపు ముక్కను నాలుగు అంచుల వెంట టేపుతో ఒక పలకకు అంటించుకుంటే తడికి వంగదు. రంగు వేయదలచిన భాగాన్ని మాత్రమే, గీత వరకు, శుభ్రమైన నీటితో తడపాలి. నీరు గుంటలా నిలవకూడదు, కాగితం మెరిస్తే చాలు. నీడ వైపున రంగున్న కుంచె మొనను తాకిస్తే రంగు తడి ఉన్నంత మేర తానే పాకి, వెలుగు వైపుకు వచ్చేసరికి పలుచబడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు భాగాలను వెంటవెంటనే తడపకూడదు. మొదటిది ఆరకముందే రెండోది తడిపితే రంగులు ఒకదానిలోకి ఒకటి దూసుకుపోతాయి. అందుకే బొమ్మలో దూరదూరంగా ఉన్న భాగాలను ముందు వేసి, అవి ఆరాక మధ్యలోవి వేయడం అనుకూలం. నీటి రంగు ఆరినప్పుడు లేతబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు కాస్త ముదురుగా కనిపించినా కంగారు పడనక్కరలేదు. ఎక్కువైన రంగును, తడిగా ఉండగానే, పిండిన కుంచెతో పీల్చి తీయవచ్చు. రంగు బిళ్లలు లేనివారు నీటికి కరిగే డై ప్యాడును ఒక ప్లాస్టిక్ ముక్క మీద అద్ది, ఆ మరకను తడి కుంచెతో ఎత్తి వాడుకోవచ్చు.

చేయి ఇంకా కుదురుకోని వారికి హీట్ ఎంబాసింగ్ చాలా సహాయపడుతుంది. నెమ్మదిగా ఆరే పిగ్మెంట్ సిరాతో ముద్ర వేసి, అది తడిగా ఉండగానే ఎంబాసింగ్ పౌడర్ చల్లి, మిగులును దులిపి, హీట్ గన్‌తో వేడి చేస్తే పొడి కరిగి గీతలు ఉబ్బెత్తుగా గట్టిపడతాయి. ఆ గట్లు నీటి రంగును గీత లోపలే ఆపుతాయి. ఒక చోట పొడి మెరుపుగా మారిన వెంటనే గన్‌ను ముందుకు జరపాలి. ఎక్కువసేపు ఉంచితే కరిగిన గీత చదునుగా అణిగిపోతుంది. జుట్టు ఆరబెట్టే యంత్రం దీనికి పనికిరాదు, దాని వేడి చాలదు సరికదా గాలి పొడిని ఎగరగొడుతుంది.

రంగు పెన్సిళ్లతో

తప్పులను ఎక్కువగా క్షమించే సాధనం ఇదే. చెక్కి పదునుగా ఉంచిన మొనతో, ఒత్తిడి లేకుండా, చిన్న చిన్న సున్నాలుగా తిప్పుతూ పొర మీద పొర వేయాలి. మొదటి పొరకే గట్టిగా నొక్కితే కాగితపు గరుకుదనం అణిగిపోయి, తర్వాతి పొరలు జారిపోతాయి. మైనం ఆధారిత పెన్సిళ్లు మెత్తగా ఉండి తేలికగా కలుస్తాయి, కానీ మందంగా వేసినచోట కొన్ని రోజులకు తెల్లని పొర తేలుతుంది. మెత్తని బట్టతో తుడిస్తే అది పోతుంది. నూనె ఆధారిత పెన్సిళ్లు కాస్త గట్టిగా ఉండి మొనను నిలుపుకుంటాయి కాబట్టి చిన్న బొమ్మలకు అనువైనవి. పెన్సిలు గీతలు కనిపించకుండా చేయాలంటే, పెయింటును పలుచన చేసే, వాసన లేని మినరల్ స్పిరిట్‌లో గట్టిగా చుట్టిన కాగితపు దిద్దుడు పుల్లను అద్ది, ఒకసారి తుడిచి, లేత భాగం నుంచి ముదురు వైపుకు రుద్దాలి. గీత సిరా ఆ స్పిరిట్‌ను తట్టుకుంటుందో లేదో పై పరీక్షలాగే ముందు చూసుకోవాలి. మైనం నీటిని, మార్కరును తోసిపుచ్చుతుంది, అందుచేత పెన్సిలును ఎప్పుడూ చివరికే ఉంచాలి. మార్కరుతో లేతగా అడుగు రంగు వేసి, ఆరిన తర్వాత నీడలను, ఈకల గీతలను పెన్సిలుతో దిద్దితే, పది మార్కర్లతోనే ముప్పై మార్కర్ల పని సాగుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే.

ముగింపు మెరుగులు, కార్డు కూర్పు

అన్నీ ఆరిన తర్వాత తెల్ల జెల్ పెన్నుతో కంటిలో ఒక చుక్క, రేకు మడత మీద ఒక సన్న గీత పెట్టవచ్చు. వెలుగు వైపున మాత్రమే పెట్టాలి, అదీ రెండు మూడు చోట్లకు మించకూడదు. బొమ్మ కింద, వెలుగుకు ఎదురు దిక్కున, లేత బూడిద రంగుతో అడ్డంగా చిన్న నీడ వేయకపోతే పిట్టైనా కుండైనా గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది.

రంగు వేసిన తర్వాతే ముక్కను కొలతకు కత్తిరించాలి, అంచుల్లో పడిన మరకలు అలా పోతాయి. 148 × 210 మిల్లీమీటర్ల కాగితాన్ని మధ్యకు మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు అవుతుంది, అది 114 × 162 మిల్లీమీటర్ల కవరులో సరిగ్గా ఇముడుతుంది. బొమ్మ ముక్కను 95 × 138గా కత్తిరిస్తే చుట్టూ 5 మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. నీటి రంగుల ముక్క కొద్దిగా వంగి ఉంటే, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచి తర్వాత అతికించాలి. తడి జిగురు కంటే రెండువైపులా అంటే టేపు మేలు, తడి జిగురు పలుచని కాగితాన్ని ముడతలు పెడుతుంది. ఫోమ్ టేపు వేసి బొమ్మను పైకి లేపితే అందంగానే ఉంటుంది కానీ, తపాలాలో పంపే కార్డుకు ఆ మందం వల్ల కవరు నలుగుతుంది. పెన్సిలుతో దిద్దిన కార్డును కవరులో పెట్టేటప్పుడు పైన ఒక పలుచని కాగితం ఉంచితే రాపిడికి రంగు అంటదు.

ఆల్కహాల్ మార్కర్లలోని రంగులు ఎండ తగిలే చోట కాలక్రమంలో వెలిసిపోతాయి. చట్రం కట్టి గోడకు తగిలిస్తారని తెలిసిన కార్డుకు నాణ్యమైన నీటి రంగులనో పెన్సిళ్లనో వాడటం మంచిది. పని ముగియగానే స్టాంపులను తడి గుడ్డతో తుడిచి పెట్టాలి, సాల్వెంట్ సిరా వాడితే దాని కోసమే అమ్మే క్లీనరుతో శుభ్రం చేయాలి. గీతల సందుల్లో ఎండిన సిరా పేరుకుంటే తర్వాతి ముద్రలో సన్నని గీతలు మూసుకుపోతాయి.